మెగాహెర్ట్జ్ ఒక్కటే రాస్తే చాలదు

తమ్ముడూ,

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. రెండూ 1982లో వచ్చినవే, పక్కపక్కన పెట్టడం బాగుంది. మొదటి పేరాలోనే బోల్తాపడ్డావు. స్పెక్ట్రమ్ 3.5 మెగాహెర్ట్జ్, యూరప్ కమొడోర్ 0.985, కాబట్టి మొదటిది మూడున్నర రెట్లు వేగమని తేల్చేశావు. మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు పది లక్షల సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారపు టిక్కులు. ఒక్కో పనికి అవి ఎన్ని పడతాయో లెక్కపెట్టు. మెమరీలో ఫలానా చిరునామా నుంచి ఒక బైటు తెచ్చుకోవడానికి స్పెక్ట్రమ్ ప్రాసెసర్ జెడ్80కి 13 సైకిళ్లు, కమొడోర్ ప్రాసెసర్ 6510కి 4 పడతాయి. అంటే 3.7 మైక్రోసెకన్లు, 4.1 మైక్రోసెకన్లు. మూడున్నర రెట్లు ఎటు పోయాయి? 16 బిట్ల కూడికల్లో మాత్రం జెడ్80దే పైచేయి, అదీ రాయి. మెగాహెర్ట్జ్ చెప్పిన ప్రతిచోటా ఒక పనీ, దానికి పట్టే సైకిళ్లూ చెప్పు. వీల్లేకపోతే ఆ అంకె కొట్టెయ్.

స్పెక్ట్రమ్‌లో రంగులు అంటుకోవడాన్ని ‘లోపం’ అని ఒక్క మాటతో తోసేశావు. వ్యాసానికి అసలు సరుకు అదేనయ్యా! తెర 256×192 పిక్సెళ్లు. పిక్సెల్‌కో బిట్టు చొప్పున 6144 బైట్లు, 8×8 గడికో బైటు చొప్పున రంగులకు 768, మొత్తం 6912. పిక్సెల్ పిక్సెల్‌కీ 16 రంగుల్లో ఒకటి ఎంచుకోనిస్తే 24,576 బైట్లు కావాలి. చౌక మోడల్లో ఉన్న ర్యామే 16,384! అందుకే గడికి రెండే రంగులు. నీలం గోడ ముందు పసుపు బొమ్మ నడిస్తే ఆ గడిలో గోడకూ పసుపు అంటుతుంది.

కదలిక సంగతీ అంతే. తెరలోని 6144 బైట్లను, మెమరీని బైటు బైటుగా నకలు చేసే జెడ్80 ఆదేశం ఎల్‌డీఐఆర్‌తో జరిపితే బైటుకు 21 సైకిళ్లు (చివరి బైటుకు 16), మొత్తం 1,29,019. ఒక ఫ్రేముకు, అంటే తెరను ఒకసారి గీసే వ్యవధికి, దొరికేవి 69,888. పైగా తెర ఉన్న మెమరీని, బొమ్మను టీవీకి పంపే యూఎల్‌ఏ చిప్ కూడా చదువుతుంది, అది చదివేటప్పుడు ప్రాసెసర్ ఆగాలి. చాలా ఆటల్లో ఆడే కిటికీ చిన్నదిగా ఎందుకుందో ఇప్పుడు చెప్పగలవు. కమొడోర్‌లో 24×21 పిక్సెళ్ల స్ప్రైట్లు (నేపథ్యాన్ని చెరపకుండా దాని మీద కదిలే బొమ్మలు) ఎనిమిది. జరపాలంటే రిజిస్టర్లో అంకె మారిస్తే చాలు. కానీ ఊరికే రాలేదది. అక్షరాల తెర మీద ఎనిమిది గీతలకోసారి తెర గీసే వీఐసీ-2 చిప్, గీతకున్న 63 సైకిళ్లలో 40కి పైగా లాగేసుకుంటుంది.

కరెంటు పేరా తిరగరాయి, అక్కడ తప్పు రాస్తే పాఠకుడి మెషీన్ కాలిపోతుంది. స్పెక్ట్రమ్ అడాప్టర్ పిన్నుకు మధ్యలో నెగటివ్, 9 వోల్టులు. బజారులో దొరికే అడాప్టర్లు ఎక్కువగా మధ్యలో పాజిటివ్. కమొడోర్ పాత అడాప్టర్లో రెగ్యులేటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) చెడితే 5 వోల్టులు కాస్తా పెరిగిపోయి ర్యామ్ చిప్పుల్ని తినేస్తుంది. మీటరు 5.25 దాటి చూపిస్తే పెట్టొద్దని రాయి. లోడు లేనప్పుడు, అంటే మెషీన్ తగిలించనప్పుడు, సరిగ్గా చూపినంత మాత్రాన నమ్మొద్దనీ రాయి.

లెక్కలన్నీ ఎమ్యులేటర్లో, అంటే పాత మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రాములో, ఒకసారి నడిపి చూసుకో. అమెరికా కమొడోర్ 1.023 మెగాహెర్ట్జ్, దాన్ని యూరప్ లెక్కల్లో కలపకుండా వేరే పట్టిక వెయ్.

ఇట్లు,
మీ అన్నయ్య