ధవళేశ్వరంలో పదమూడు అడుగులంటే మా గుమ్మంలో ఎంత?

గోదావరి వరదల మీద కోనసీమ పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: టీవీలో భద్రాచలం దగ్గర 53 అడుగులు, మూడో ప్రమాద హెచ్చరిక అంటారు. ధవళేశ్వరం దగ్గర 13 అడుగుల చిల్లరకే రెండో హెచ్చరిక అంటారు. మాది పి.గన్నవరం మండలంలో లంక (నది పాయల నడుమ దిబ్బ) గ్రామం. ఏ అంకె చూసి సామాను సర్దుకోవాలి?

జవాబు: ఆ రెండు కొలబద్దలూ వేరు, వాటి సున్నాలూ వేరు. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఇస్తారు. అక్కడ కిందికి వదిలే నీరు వరుసగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు). లంకవాసులు అడుగుల కంటే ఈ క్యూసెక్కులనే గుర్తుపెట్టుకోవడం మేలు.

భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి రమారమి ఒక రోజు పడుతుంది. అయితే ఉపనది శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. శబరి పొంగితే భద్రాచలంలో నీరు తగ్గుతోందన్న కబురు విని నిశ్చింతగా కూర్చోకూడదు. శబరి ఒడ్డునున్న కూనవరం, చింతూరు కబురు కూడా కనుక్కోవాలి.

ఇక మీ గుమ్మం లెక్క ఏ టీవీవాళ్లూ చెప్పలేరు. బ్యారేజీ దాటాక నది గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలుగా చీలుతుంది. ఇసుక మేటలు జరిగేకొద్దీ ఏ పాయకు ఎంత వాటా పోతుందో మారుతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో అమావాస్య, పౌర్ణమి పోటు నీటిని వెనక్కి నెట్టి ఆపుతుంది. అందుకే మీ ఊరి కొలబద్ద మీరే పెట్టుకోవాలి.

రేవు మెట్లో, వంతెన స్తంభమో, కదలనిది ఒకటి ఎంచుకుని అడుగులు, అంగుళాలు పెయింటుతో రాయండి. అక్కడి నుంచి మీ ఇంటి అరుగు ఎంత ఎత్తులో ఉందో తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో తేల్చవచ్చు. అర అంగుళం పారదర్శక ప్లాస్టిక్ గొట్టం 20 మీటర్లు చాలు. నీళ్లు నింపి, లోపల ఒక్క బుడగ కూడా లేకుండా చూడాలి. బుడగ ఉంటే రెండు చివరల మట్టం సమానంగా నిలవదు, లెక్కంతా తప్పుతుంది. గొట్టంలో కొంత ఎండలో, కొంత నీడలో ఉన్నా తేడా వస్తుంది కనుక పొద్దున్నే చేయండి. రెండు చివర్ల మీదా బొటనవేళ్లు తీసి, నీళ్లు ఊగడం ఆగాక ఇద్దరూ ఒకేసారి గీత పెట్టాలి. దూరం ఎక్కువైతే మజిలీలుగా సాగాలి. చివరికి చేరాక, తిరిగి మొదటి గీతకు కొలుచుకుంటూ రావాలి. అంగుళానికి మించి తేడా వస్తే మళ్లీ మొదలుపెట్టాలి.

వరద వచ్చినప్పుడల్లా ఒక నోటుబుక్కులో తేదీ, గంట, రేవు మట్టం, ఆ గంటకు ధవళేశ్వరం వదిలిన నీరు రాయండి. ఎక్కుతున్న నీరా, తీస్తున్న నీరా అన్నదీ రాయాలి. ఒకే 13 లక్షలకు తీసే నీరు సాధారణంగా కాస్త ఎత్తున నిలుస్తుంది. రెండు మూడు వరదలు రాసేసరికి "నాలుగో మెట్టు మునిగితే పశువులను గట్టెక్కించాలి" అని మీ ఊరే చెప్పగలుగుతుంది.

ప్రశ్న: 1986 లాంటి వరద వందేళ్లకోసారి అంటారు కదా, ఇప్పుడు లంకలో స్థలం కొనవచ్చా? (ముమ్మిడివరం)

జవాబు: వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్నది, అంతే. నిరుడు వచ్చినంత మాత్రాన ఈ ఏడు రాకూడదని లేదు. 30 ఏళ్లు అక్కడే కాపురముంటే అది కనీసం ఒకసారైనా వచ్చే అవకాశం నూటికి 26. భద్రాచలంలో 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. నాలుగేళ్లకే, 1990లో 70.8 అడుగులు. 2022 జులైలో 71.3. ధవళేశ్వరం దగ్గర 1986లో 35 లక్షల క్యూసెక్కులు దాటితే, 2022లో 25 లక్షలు దాటాయి. స్థలం చూడటానికి వెళ్లినప్పుడు అమ్మేవారిని కాకుండా పక్కింటి పెద్దవాళ్లను అడగండి. గుడి గోడ మీద, పాత ఇళ్ల మీద 2022 నాటి నీటి చార ఎక్కడుందో చూపించమనండి. ఏటిగట్టుకు నది వైపున ఉన్న స్థలంలో ఇల్లు వద్దన్నదే మా మాట. అక్కడ కొబ్బరి వేసుకోండి.

ప్రశ్న: వరద వేళ గట్టుకు ఊరి వైపు నేల నుంచి నీరు బుగ్గలా ఉబికింది. మట్టి బస్తాలు వేసి మూసేశాం. సరైనదేనా? (అయినవిల్లి)

జవాబు: కాదు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు కనుక వివరంగా చెబుతున్నాం. గట్టు అడుగున ఇసుక పొర ఉంటే నది ఒత్తిడికి నీరు కింది నుంచి వచ్చి ఇవతల ఉబుకుతుంది. తేటగా వస్తే ఊట మాత్రమే, కనిపెట్టి ఉంటే చాలు. బురదగానో, ఇసుకను తెచ్చి చుట్టూ పుట్టలా పోస్తూనో వస్తే, గట్టు అడుగు తొలుచుకుపోతోందని అర్థం. నోరు మూస్తే ఒత్తిడి పోదు, పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది.

చేయవలసింది చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా కట్టడం. బస్తాలో మూడింట రెండు వంతులే ఇసుక పోయాలి, నిండుగా పోస్తే ఒకదానిమీద ఒకటి సర్దుకోదు. లోపల నీరు పెరిగేకొద్దీ కిందినుంచి వచ్చే నీటికి ఎదురొత్తిడి వస్తుంది. నీరు తేటబడేవరకే ఎత్తు పెంచాలి, పూర్తిగా ఆపకూడదు. ఒకవైపు తూము వదిలి ఆ నీటిని బోదెలోకి (పొలం కాలువలోకి) పంపాలి. మొదటి బుగ్గ కనబడగానే నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు), గ్రామ సచివాలయానికి కబురు చేయాలి, రాత్రంతా లాంతరుతో కాపలా ఉండాలి.

గట్టు లోపలి పందికొక్కు బొరియలను వరద వచ్చాక వెతికి లాభం లేదు. మే నెలలోనే తవ్వి, బంకమట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి.

ప్రశ్న: గట్టు తెగలేదు, అయినా మా వరి మునిగింది. ఎందుకు? (మామిడికుదురు)

జవాబు: నది మట్టం మీ డ్రైను (మురుగు కాలువ) మట్టం కంటే ఎత్తున ఉన్నంతకాలం, అది నదిలో కలిసేచోటి స్లూయిస్ (తూము) తలుపులు దించే ఉంచుతారు. ఎత్తితే నదే లోపలికి వస్తుంది. ఆ రోజుల్లో కురిసిన వాన పొలంలోనే నిలుస్తుంది. వరద తీశాక కూడా నీరు లాగకపోతే తప్పు డ్రైనుది. గుర్రపుడెక్క, పూడిక, ఆక్రమించి వేసిన రొయ్యల చెరువు గట్లు చూడండి. తలుపు రబ్బరు చిరిగినా, మధ్యలో కర్రముక్క ఇరుక్కున్నా పోటు నీరు రాత్రిళ్లు వెనక్కి తన్నుతుంది. జూన్‌కు ముందే తలుపు దించి, వెనక నిలబడి వెలుతురు సందులు కనబడుతున్నాయేమో చూస్తే తెలిసిపోతుంది.