మెడకు సూదులు వేయించుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులు.

మెడ నొప్పికి డ్రై నీడ్లింగ్, అంటే బిగిసిన కండరంలోకి మందు లేని సన్నని సూది గుచ్చే చికిత్స, చేయించుకోమంటావా అని అడిగావు. నాలుగేళ్లు అదే నొప్పి భరించి, రెండు విడతలు ఆ సూదులు వేయించుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. చేయించుకో. కానీ భారమంతా సూది మీదే వేసి కూర్చోకు.

చేతిలో తిమ్మిరి, పట్టు తగ్గడం, నడకలో తూలడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఈ మధ్య మెడకు దెబ్బ తగలడం... వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరుకు చూపించుకో. సూదుల సంగతి ఆ తర్వాత. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా, సూదిని చూస్తే కళ్లు తిరిగినా దాచకుండా చెప్పు.

ఈ సూదిలో మందు ఉండదు. దాదాపు పావు మిల్లీమీటరు మందం, అంతే. ట్రిగ్గర్ పాయింట్లలో, అంటే కండరంలో ముడిలా బిగిసి నొక్కితే నొప్పి పుట్టే చోట్లలో, మందు ఎక్కించే పద్ధతి దీనికంటే ముందే ఉండేది. ఉపశమనం మందు వల్లే కాదు, సూది గుచ్చడం వల్ల కూడా కలుగుతోందని చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లో రాశాడు. అక్యుపంక్చర్‌లో వాడే సూదే ఇదీ, వేసే చోటును ఎంచుకునే పద్ధతి వేరు. మెడకూ భుజానికీ మధ్యనున్న కండరాన్ని రెండు వేళ్లతో పట్టి చూడు. బిగిసిన తాడులాంటి పోగు, దాని మీద ముడిలా ఒక చోటు తగులుతాయి. గట్టిగా నొక్కితే నొప్పి కణత దాకా పాకవచ్చు. సూది వెళ్లేది అక్కడికే.

మొదటిసారి గుచ్చినప్పుడు నొప్పి తెలియలేదు. సూది లోపల కొద్దిగా కదిలించగానే కండరం తనంతట తానే ఒక్క ఉదుటున అదిరింది, నీళ్లలో చేప తోక కొట్టినట్టు. భయపడి ఊపిరి బిగబట్టాను. నువ్వు బిగబట్టకు, అది మామూలే. తర్వాత ఒకటి రెండు రోజులు అక్కడ పుండులా సలుపుతుంది, కొద్దిగా కమలవచ్చు కూడా.

ఎవరు చేస్తారన్నది మాత్రం గట్టిగా విచారించు. ఊపిరితిత్తి పైకొన మెడ మొదలు దాకా ఉంటుంది. చెయ్యి తిరిగినవారు కండరాన్ని వేళ్లతో పైకి ఎత్తి పట్టుకుని మరీ గుచ్చుతారు. ఊపిరితిత్తికి సూది తగలడం చాలా అరుదు, కానీ తగిలితే ప్రమాదం. చేయించుకున్న కొన్ని గంటల తర్వాతైనా సరే ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లు. సూదులు కొత్త ప్యాకెట్లోవేనా అని కళ్లారా చూసుకో.

నేను చేసిన తప్పు ఒకటుంది. మొదటి విడతలో నొప్పి తగ్గగానే, నేర్పిన వ్యాయామాలు మానేశాను. మూడు వారాల్లో మెడ మళ్లీ పట్టేసింది. సూది ఇచ్చేది కొద్దికాలపు ఊరట. ఏళ్ల తరబడి నిలుస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. కండరం వదులైన ఆ కొద్ది రోజుల్లోనే మెడ, భుజాల కండరాలకు బలం తెచ్చుకోవాలి. రెండో విడతలో సలుపు తగ్గిన రోజు నుంచే మొదలుపెట్టాను. ఇప్పటికీ రోజూ పది నిమిషాలు చేస్తాను.

ఖాళీ కడుపుతో వెళ్లకు. కూర్చోబెట్టి కాకుండా పడుకోబెట్టి చేయమని అడుగు. వెళ్లేముందు తల ఎడమకు ఎంతవరకు తిరుగుతుందో అద్దంలో చూసుకుని, మూడో రోజు మళ్లీ చూసి నాకు ఫోను చెయ్యి.

నీ అత్తయ్య