118ని 160 చేసిన ఆదివారం

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. జేఈఈ మెయిన్ దగ్గర పడుతుంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి ఒక నవల తెచ్చుకుని రాత్రిళ్ళు చదువుతోంది. పదహారేళ్ళ కూతురికీ తల్లికీ అస్సలు పడని కథ అది. తను కాలేజీకి వెళ్ళాక నేనూ చదివాను. చుట్టాల ముందు కూతురి గొప్పలు చెప్పుకునే తల్లి గురించి రాసిన చోట పెన్సిల్ గీత ఉంది. కొన్నాళ్ళుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది, కంచం గదిలోకి తీసుకెళ్ళిపోతోంది. మా తోటికోడలు కొడుకు ఇలాంటివేవీ ముట్టుకోకుండానే నిట్‌లో సీటు తెచ్చుకున్నాడు. ఆవిడ ప్రతి ఆదివారం ఫోన్ చేసి మార్కులు అడుగుతుంది. ఆమధ్య మాక్ టెస్ట్‌లో 300కి 118 వస్తే, పరువు పోతుందని 160 అని చెప్పాను. పిల్ల అక్కడే ఉంది. పరీక్షలయ్యేదాకా ఈ నవలలు మాన్పించడం ఎలా?

జవాబు: మాన్పించకండి. మీ ప్రశ్నకు నా జవాబు అంతే. పైగా లైబ్రరీ పుస్తకం కదా, ఆ గీత మీ అమ్మాయిదో, ఇంతకుముందు తీసుకెళ్ళిన ఇంకెవరి అమ్మాయిదో! ఎవరిదైనా, గుచ్చుకున్నది మాత్రం మీకు.

అసలు సంగతిని చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. పిల్ల పక్కనే ఉండగా 118ని 160 చేశారు. ఆ మాటతో పిల్లకి ఏం తెలిసింది? తన అసలు మార్కులు బయట చెప్పుకోవడానికి అమ్మకి సిగ్గుగా ఉందని. మీరు తిట్టినా ఇంత బాధపడేది కాదు. ఇక మీతో కూర్చుని అన్నం తినాలని దానికెందుకు అనిపిస్తుంది?

మీకు పడనిది కూతురితో కాదమ్మా, తోటికోడలితో. ఆ పోటీ ఈ మార్కులతో మొదలైందనీ నేననుకోను. అత్తగారి గాజులు ఎవరికి వెళ్ళాయి, మామగారు ఎవరి మాట విన్నారు, పండక్కి ఎవరి చీర ఖరీదైనది... ఎప్పటి లెక్కలో ఇప్పుడు పిల్లల మార్కుల మీదకి వచ్చిపడ్డాయి. మీరు పందెం కాసి పిల్లని బరిలోకి దింపారు. ఆవిడ పెద్దకోడలైతే ఆ గౌరవం ఇవ్వండి, కష్టానికి సుఖానికి ముందుండండి. అంతవరకే. పిల్ల మార్కులు పిల్లవి. వారం వారం అప్పజెప్పాల్సిన బాకీ ఎవరికీ లేదు.

వచ్చే ఆదివారం ఫోన్ వస్తే, పిల్లకి వినపడేలా చెప్పండి: "అక్కా, ఆ రోజు 160 అన్నాను, అది అబద్ధం. ఇకమీదట మార్కుల సంగతి చెప్పాలనుకుంటే పిల్లే చెబుతుంది. బావగారి ఆరోగ్యం ఎలా ఉంది?" నొచ్చుకుంటుందా? నొచ్చుకోనివ్వండి. ఫోన్ పెట్టేశాక పిల్ల దగ్గరకు వెళ్ళి, తప్పు చేశానని ఒక్క మాట అనండి. "నీ మంచికోసమే" అని మాత్రం దానికి తోక తగిలించకండి. ఆ నవల మీరూ చదివారని కూడా చెప్పండి. "ఆ తల్లిని నేనేనా?" అని నిలదీయకండి. గడువు దాటుతుంటే మీరే వెళ్ళి మళ్ళీ రాయించుకు రండి.

నాకు బెంగగా ఉన్నది నవల గురించి కాదు, నిద్ర గురించి. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పొద్దున్నే కాలేజీ బస్సెక్కే పిల్లకి అందులో సగమైనా దక్కుతోందా? అసలు నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలు దాటితే అలక అనుకుని ఊరుకోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళక తప్పదు కదా. అక్కడ మార్కుల మాట ఎత్తితే మీరు గారెలు వేయాలని వంటింట్లోకి తప్పుకోకండి. పిల్ల పక్కనే కూర్చోండి.