పొగ మానితే పాత మత్తు తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఆయన లారీ నడుపుతారు. నడుం నొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్ మాత్రలకు అలవాటుపడిపోయారు. ఎనిమిది నెలలుగా బరంపురంలో చికిత్స తీసుకుంటున్నారు. ఆ మత్తు కోరిక అదుపులో ఉండటానికి రోజూ నాలుక కింద బ్యుప్రినార్ఫిన్ మాత్ర పెట్టుకుంటున్నారు, బాగానే ఉన్నారు. కానీ బీడీలు విపరీతంగా పెరిగాయి. తలకు యంత్రం పెట్టి పొగ మాన్పిస్తారని విశాఖలో ఉన్న మా మరిది అంటున్నాడు. అది కరెంటు షాకేమోనని ఈయనకు భయం. బీడీ మాన్పిస్తే మళ్లీ మాత్రలు మింగుతాడని మా అత్తగారి టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అత్తగారిది కన్నతల్లి భయం, తప్పుపట్టకండి. కానీ మత్తు చికిత్సలో ఉండగానే పొగ మానడానికి సాయం అందినవారు పాత అలవాటుకు దూరంగా ఉండే అవకాశం తగ్గదనీ, పెరుగుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి. అంత కష్టపడి మాత్రల నుంచి బయటపడ్డ మనిషిని బీడీకి వదిలేయడం నాకు మనసొప్పదు.

మీ మరిది చెప్పింది నిజమే, అలాంటి చికిత్స ఉంది. అది షాక్ ట్రీట్‌మెంట్ కాదు. మత్తు ఇవ్వరు, మనిషి మెలకువగానే కుర్చీలో కూర్చుంటాడు. తలపై పెట్టిన కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత తరంగాలు, కోరికను అదుపుచేసే మెదడు భాగాలను ప్రేరేపిస్తాయి. టకటక శబ్దం, కొందరికి తలనొప్పి ఉంటాయి. అమెరికాలో 2020లో దీనికి అనుమతి ఇచ్చారు. 262 మందిపై జరిగిన ప్రయోగంలో అసలు చికిత్స పొందినవారిలో నూటికి 19 మంది, ఉత్తుత్తిగా యంత్రం పెట్టినవారిలో 9 మంది పొగ మానగలిగారు. అంటే కొంత మేలు ఉంది, మాయ మాత్రం లేదు. మీ ఆయనలా మత్తు చికిత్సలో ఉన్నవారి విషయంలో ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. పైగా మూడు వారాలు దాదాపు రోజూ వెళ్లాలి. లారీ పని, రానుపోను ఖర్చు ఆలోచించుకోండి.

ఒక్కటి మాత్రం దాచకండి. ట్రమడాల్ ఎక్కువగా వాడినవారిలో కొందరికి ఫిట్స్ వస్తాయి. ఆయనకు ఒక్కసారైనా వచ్చి ఉంటే డాక్టర్‌కు చెప్పి తీరాలి. ఈ యంత్రానికే కాదు, పొగ మాన్పించే బుప్రోపియాన్ మాత్రకూ అది అడ్డే.

నా మాట వింటే, ముందు ఇప్పుడు చూస్తున్న డాక్టర్‌నే పొగ మానడానికి వాడే నికోటిన్ చూయింగ్ గమ్, వరెనిక్లిన్ మాత్రల గురించి అడగండి. బీడీ ప్యాకెట్ మీద అచ్చువేసే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. నాలుక కింద మాత్ర పెట్టుకునే ముందు బీడీ కాల్చకపోతే మందు బాగా ఇంకుతుంది. మొదట ఆ ఒక్క బీడీ ఆపమనండి. బ్యుప్రినార్ఫిన్ మోతాదు మాత్రం సొంతంగా తగ్గించకూడదు.

మానిన మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి, కోపం వస్తాయి. అవి చూసి ఇంట్లోవాళ్లకు వెంటనే పాత అనుమానం పుడుతుంది. జేబులు వెతుకుతారు, కళ్లలోకి చూస్తారు. నేను ఎక్కువగా భయపడేది ఆ అనుమానం గురించే. ఆ లక్షణాలు నికోటిన్ ఆపినందువల్ల వచ్చేవని అత్తగారికి ముందే చెప్పి ఉంచండి. ఆమెకూ అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) అలవాటుంటే, నోరు ఒకసారి డాక్టర్‌కు చూపించండి.

ఈసారి బరంపురానికి మీరూ వెళ్లండి. మానాలని ఉందో లేదో మాత్రం డాక్టర్‌తో ఆయన్నే చెప్పనివ్వండి.