నెల తప్పకముందే పంటి పనులు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. సంక్రాంతి వెళ్లాక పిల్లల కోసం చూద్దామనుకుంటున్నాం. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. కింద దవడ పన్నుకి రూట్ కెనాల్ మొదలుపెట్టి, నొప్పి పోయిందని మధ్యలో మానేశాను. జ్ఞానదంతం దగ్గర అప్పుడప్పుడూ వాస్తోంది. నెల తప్పాక పళ్ల జోలికి వెళ్లకూడదని మా అత్తగారంటున్నారు. ముందు ఏది చేయించుకోవాలి?
– ఒక సోదరి, పాలకొల్లు

జవాబు: ముందు ఆ సగంలో ఆపేసిన రూట్ కెనాల్ సంగతి చూడండి. నొప్పి పోయింది నరం తీసేయడం వల్లే తప్ప పన్ను బాగుపడి కాదు. పైన పెట్టిన తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలే ఆగుతుంది. అది అరిగితే ఉమ్మి లోపలికి దిగి, వేరు కొసన మళ్లీ చీము పడుతుంది. పని పూర్తయ్యాక క్యాప్ కూడా వేయించుకోండి. క్యాప్ లేని దవడ పన్ను ఏ జంతికో కొరికినప్పుడు నిలువునా చీలితే, ఇక పీకించడమే.

చిగుళ్ల రక్తానికి కారణం చాలావరకు గార. తీయిస్తే పళ్లు కదులుతాయన్న భయం వద్దు. సందుల్లో పేరుకున్న గార పోయేసరికి ఖాళీ కనిపిస్తుంది, అంతే. గర్భంలో హార్మోన్లు పెరిగి, కాస్త గార ఉన్నా చిగుళ్లు ఉబ్బుతాయి. అందుకే ఇప్పుడే తీయించాలి. పన్నుకీ చిగురుకీ మధ్య సందు లోతుగా ఉంటే లోపలి దాకా శుభ్రం చేసి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ చూస్తారు. అందుకే నెల తప్పేలోపు చేతిలో రెండు మూడు నెలలు ఉండాలి.

జ్ఞానదంతం మీద చిగురు మూతలా ఉంటే, దాని కింద మెతుకులు ఇరుక్కుని వాస్తుంది. పదేపదే వాస్తుంటే తీయించడం మేలు. కుట్లు వేస్తే సాధారణంగా వారానికి విప్పుతారు. ఎక్స్‌రేకి జంకక్కర్లేదు. పంటికి తీసే చిన్న ఫిల్ములో రేడియేషన్ చాలా తక్కువ, తీయించుకున్నాక ఇన్నాళ్లు ఆగాలన్న నియమమూ లేదు. ఖర్చు బరువనిపిస్తే భీమవరం, రాజానగరం డెంటల్ కాలేజీలు మీకు అందుబాటులోనే ఉన్నాయి.

మీ అత్తగారి మాట సగమే నిజం. వాపు, చీము ఉంటే ఏ నెలలోనైనా వైద్యం చేస్తారు, మత్తు ఇంజెక్షనూ ఇస్తారు. ఆగగలిగే పనులకు నాలుగు నుంచి ఆరో నెల వరకు వీలైన కాలం. నెలలు నిండేకొద్దీ కుర్చీలో వెల్లకిలా పడుకుంటే కళ్లు తిరుగుతాయి. అసలు చిక్కు మందులతో. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గర్భిణులు వాడకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, 20 వారాలు దాటాక మరీను. అందుకని పిల్లల కోసం చూస్తున్నామని డెంటిస్టుకి మొదటిరోజే చెప్పేయండి.

బిడ్డ కాల్షియం లాగేసుకుని పళ్లు పుచ్చుతాయన్నది వట్టి మాట. పుచ్చడానికి మాటిమాటికీ తినే తీపి, వేవిళ్లలో పైకొచ్చే పులుపు కారణాలు. వాంతయిన వెంటనే బ్రష్ చేయకండి. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి చేయండి.