క్యాన్సర్ పరిశోధకులు ఆసుపత్రి డైరెక్టర్ అయితే పరిశోధన ఆగిపోతుందా?

మీ అక్కగారికి ఆసుపత్రి డైరెక్టర్ పదవి వస్తోందని, ఇన్నేళ్ల క్యాన్సర్ పరిశోధన మూలపడుతుందేమోనని మీరు అడిగారు. హైదరాబాదులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి పాథాలజీ విభాగంలో పదకొండేళ్లు టెక్నీషియన్‌గా పనిచేసిన నాకు ఈ విషయంలో స్థిరమైన అభిప్రాయమే ఉంది: పరిశోధన ఆగనక్కరలేదు.

మాకు డైరెక్టరుగా వచ్చినవారు కూడా పరిశోధకులే. అప్పట్లో బయాప్సీ రిపోర్టుకు పది, పన్నెండు రోజులు పట్టేది. మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ నుంచి వచ్చినవారు గది అద్దెకు డబ్బుల్లేక ఆవరణలోనే చాపలు పరుచుకుని ఎదురుచూసేవారు. సిబ్బంది చాలకపోవడమే కారణమని మేమంతా నమ్మాం. ఆయన ఎవరినీ మందలించకుండా, రోగి నుంచి తీసిన కణజాలపు ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో పడిన గంట మొదలు, దాన్ని మైనంలో బిగించే పారఫిన్ బ్లాకు, రంగు పట్టించే స్టెయినింగు, డాక్టరుగారి సంతకం దాకా ప్రతి దశలోనూ సమయం రాయించారు. నెల తిరిగేసరికి, ఆలస్యం స్లైడ్ల తయారీలో కాదు, టైపింగు దగ్గర, సంతకం దగ్గర జరుగుతోందని తేలింది. ఆ రెండూ చక్కబడ్డాక అయిదారు రోజుల్లోనే రిపోర్టులు చేతికి వచ్చేవి. టెండర్ల వ్యవహారం మాత్రం ఆయనకు కొరుకుడు పడలేదు. దాన్ని అనుభవమున్న పరిపాలనాధికారి చూసుకున్నారు.

ఇక హెరాల్డ్ వార్మస్ సంగతి చూడండి. మామూలు కణాల్లోని జన్యువుల నుంచే క్యాన్సర్ జన్యువులు పుడతాయని మైకేల్ బిషప్‌తో కలిసి నిరూపించి 1989లో నోబెల్ అందుకున్న ఆయన, 2000 నుంచి 2010 వరకు న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రానికి అధ్యక్షుడిగా ఉంటూనే తన ప్రయోగశాలను నడిపించారు. పొగతాగని వారి ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కణాల ఎదుగుదలను నడిపే ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పులు తరచుగా ఉంటాయని, జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మాత్రలు ఎక్కువగా ఆ మార్పులున్న వారికే పనిచేస్తాయని 2004లో ఆయన బృందం చూపింది. బోస్టన్‌లోని బృందాలూ అదే ఏడాది అదే విషయం కనిపెట్టాయి. మొదట లొంగిన కణితి మళ్లీ ఎందుకు మొండికేస్తుందో, దానికి ఒక కారణమైన మరో జన్యు మార్పును వార్మస్ బృందం 2005లో గుర్తించింది. ఈజీఎఫ్ఆర్ పరీక్షకు నేను బ్లాకు కోసి పంపిన ప్రతిసారీ, ఈ పని ఒక ఆసుపత్రి అధ్యక్షుడి ప్రయోగశాలలోనూ జరిగిందని గుర్తుచేసుకునేదాన్ని.

అందుచేత మీ అక్కగారు పదవి ఒప్పుకునే ముందే రెండు విషయాలు రాతపూర్వకంగా అడగాలి: చిన్నదైనా తనదంటూ ఒక ప్రయోగశాల, వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి రోగుల చికిత్స గురించి చర్చించే, వారం వారం జరిగే ట్యూమర్ బోర్డులో తప్పనిసరిగా కూర్చునే వీలు.