గేమ్ పోస్టర్‌నే ఆల్బమ్ కవర్‌గా పెట్టేస్తే సరిపోదా?

ప్రశ్న: అమెరికాలో పెద్ద కంపెనీ లేకుండా సొంతంగా చేసుకునే ఒక చిన్న ఇండీ గేమ్ టీమ్ వాళ్ల సౌండ్‌ట్రాక్‌కి కవర్ చేయమన్నారండీ, స్ట్రీమింగ్‌కీ, వినైల్‌కీ (గ్రామఫోన్ లాంటి పెద్ద రికార్డు) రెండిటికీ కావాలట. గేమ్ పోస్టర్‌నే చదరంగా కట్ చేసి ఇచ్చేయొచ్చా?

జవాబు: ఇచ్చేయొచ్చు గానీ బాగోదు. పోస్టర్ గేమ్ అమ్మడానికి గీసింది, నిలువుగా ఉంటుంది, చదరంగా కోస్తే హీరో తలో కత్తో ఎగిరిపోతుంది. ముందు ఆ మ్యూజిక్ మొత్తం వినండి, ఫైట్ సీన్ల కన్నా ఊరికే తిరిగే చోట వచ్చే ట్యూన్సే జనానికి గుర్తుంటాయి, బొమ్మ అక్కణ్ణుంచి తీసుకోండి. మైన్‌క్రాఫ్ట్ మ్యూజిక్ చూడండి, 2011లో సీ418 అనే సంగీత దర్శకుడు రిలీజ్ చేసిన ఆల్బమ్, అందులో ఫైట్ హడావుడి ఏముంది చెప్పండి! 2025లో అమెరికా నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలోకి, అంటే భద్రపరచాల్సిన గొప్ప రికార్డింగుల జాబితాలోకి కూడా ఎక్కింది.

ఇక సైజు. స్ట్రీమింగ్‌కి 3000 బై 3000 పిక్సెల్స్ ఇస్తే చాలు, కానీ ఫోన్‌లో అది గోరంత కనిపిస్తుంది కాబట్టి బొమ్మ చిన్నది చేసి చూసుకోండి. వినైల్ కవర్ 12 అంగుళాల పైనే, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3600 పిక్సెల్స్ పైనే, బ్లీడ్ (అంచు కోతకి వదిలే బొమ్మ) అదనం, కొలతల టెంప్లేట్ మాత్రం రికార్డు తయారుచేసే ప్రెస్ వాళ్ల దగ్గరే అడగండి. స్క్రీన్ మీద మెరిసే నియాన్ నీలం సీఎంవైకేలో (ప్రింటింగ్‌కి వాడే నాలుగు ఇంకుల రంగుల్లో) చచ్చిపోతుంది, శాంపిల్ ప్రింట్ చూడకుండా ఓకే చెప్పకండి.